నలభై రెండో పద్దు

నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ దరఖాస్తుకి
ఉప్పు వాసన లేదు.
అరవై ఒక్క పేజీలు, మూడు మ్యాపులు,
అడుగున డాక్టర్ తతూ సంతకం,
తొందరలో ఒలిచేసిన చేపముల్లులా.

ఒడ్డు నీళ్లు వేడెక్కి
నాచు కొమ్మలు తెల్లబడి తెగిపోతున్నాయనీ,
ధర పలికే రకం మోకాలిలోతులో ఇక బతకదనీ,
లోతుకు తీసుకెళ్లి గొట్టాల్లాంటి వలల్లో పెంచి చూడాలనీ,
రెండేళ్లకి ఇంత కావాలనీ.

నేను ఉంగుజా దీవిలో సర్కారు వారి సముద్ర పరిశోధన నిధికి
పద్దులు చూసే గుమాస్తాని.
తాళ్లు, సరే. వలలు, సరే.
ఉష్ణమాపకాలు ఆరు. నాలుగు చాలు.
పడవ అద్దె. బేరమాడాలి.
నలభై రెండో పద్దు దగ్గర పెన్ను ఆగింది:
"పదకొండు మంది ఆడవాళ్లకి ఈత నేర్పుటకు."

నవ్వొచ్చింది. పక్క బల్ల మ్చాకి చూపించాను.
పరిశోధనా, విహారయాత్రా అన్నాడు.
ఎర్ర సిరాతో ఒక్క గీత.
తిన్నగా వచ్చింది, స్కేలు పెట్టాను కనక.

డాక్టర్ తతూ ఫోన్ చేసింది. అరవలేదు.
"లోతుకి డబ్బిచ్చి
లోతులోకి దిగేవాళ్లని కొట్టేశారు" అంది.
నీళ్లు నమిలాను.
ఏ ఫారంలోనూ దానికి గడి లేదన్నాను.
అబద్ధం కాదు. గడి లేదు.

దక్షిణపు గాలి, కూసీ, మొదలైన నెలలో
తనిఖీకి వెళ్లాను తూర్పు ఒడ్డుకి.
బీ జువేనా ముప్పై ఏళ్లుగా నాచు కడుతోంది.
ఆవిడ వయసంతా నడుము దాకా తడిసింది, అంతే.
అక్కణ్ణించి అవతలి నీళ్లు మగవాళ్లవి.
వలలేమో అవతలే, తేలే డబ్బాల కింద.
పడవవాడే ఎత్తుతాడు, వాడే తూస్తాడు,
వాడి వాటా వాడే కోసుకుంటాడు.
పుస్తకంలో ఆవిడ పేరు పక్కన "లబ్ధిదారు" అని ఉంది,
నా దస్తూరీయే.

"నా నాచు సంగతి నాకు ఇంకొకడు చెబుతున్నాడయ్యా,
మొగుడి ఉత్తరం ఊళ్లోవాడిచేత చదివించుకున్నట్టుంది."
మరి దిగొచ్చుగా అన్నాను, తెలివితక్కువగా.
ఆవిడ నా బూట్లకేసి చూసింది.
"దిగితేగానీ లోతు తెలీదంటారు. దిగు."

దీవిలో పుట్టాను.
మా తాత లవంగాల పడవ నడిపాడు.
నాకు ఈత రాదు.
ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చి సవరణ పత్రం రాశాను.
నలభై రెండు (అ): నమూనాల సేకరణలో శిక్షణ, పదకొండు మందికి.
ఆడిటరు కళ్లజోడు తీసి తుడిచాడు.
సముద్రంలో చింతపండు పిసికినట్టుంది, ఋజువు ఏదీ అన్నాడు.

ఋజువు ఇదీ:
ఒక తెల్లవారుజామున, పోటు నిండుగా ఉండగా,
ఖాంగా ముడి బిగించి
బీ జువేనా నీళ్ల మీద వెల్లకిలా పడుకుంది.
ఒడ్డున మ్వానాహావా కేకలేసి లెక్కపెడుతోంది.
తొమ్మిది. పది. పదకొండు.
పన్నెండుకి మునిగింది, లేచింది, దగ్గింది,
ఉప్పుని వాళ్లమ్మతో సహా తిట్టింది.
దీనికి రసీదు ఉండదు.
రసీదు లేదనే రాశాను.

మొదటి పంట చేపలు తినేశాయి.
రెండోది సగం దక్కింది, ఆ సగం ఆవిడే విప్పుకుంది.
నివేదికలో "ఫలితాలు మిశ్రమం" అన్నాం.
ఇంకో రెండేళ్లు అడిగింది డాక్టర్ తతూ,
పైనుంచి జవాబు లేదు.
జూన్ ముప్పైన పద్దు మూసేశాను.

జూలై నాలుగున బస్సు కండక్టరు చేత చీటీ వచ్చింది.
పెన్సిల్‌తో, వంకర అంకెల్లో:
పైన ఇరవై ఆరు, వల దగ్గర ఇరవై అయిదు.
ఎవరూ అడగలేదు.
ఏ ఫైల్లో పెట్టాలో తెలీక
చొక్కా జేబులో పెట్టుకున్నాను.